పిల్లాడి ఏడుపుకి ఓడలు ఆగిపోతాయా?

వేసవి సెలవుల్లో వారం రోజులు కాశీబుగ్గలో మా అన్నయ్యగారింట్లో ఉండి వచ్చాను. టెక్కలి నుంచి పలాస ఏమంత దూరం కాదు గాని, పెళ్ళయినవాళ్ళకి పుట్టింటి దారి ఎప్పుడూ పొడవే కదా! పచ్చి జీడిపప్పు రోజులు. మా వదిన చేతులకి నూనె రాసుకుని పచ్చి పిక్కలు కత్తితో చీరుతుంటే, నేను పక్కన కూర్చుని పప్పు మీది పొర తీస్తూ కబుర్లు చెప్పేదాన్ని. (జీడి సొన తగిలితే చేతులు బొబ్బలెక్కుతాయి. అలవాటు లేనివాళ్ళు సాహసం చెయ్యకండి, తీసిన పప్పే కొనుక్కోండి. పచ్చి జీడిపప్పు కూర ఎలా చెయ్యాలని అడిగినవాళ్ళకి వచ్చే వారం జవాబిస్తాను.)

ఈ వారం మాత్రం కూర సంగతి కాదు, ఓ తగువు సంగతి. ఆస్తి తగువు కాదు, అత్తాకోడళ్ళ తగువు అసలే కాదు. ఆకాశంలో ఓడలు తిరిగే ఓ ఇంగ్లీషు సీరియల్ గురించి, అన్నాలు చల్లారిపోయేదాకా ఆ ఇంట్లో జరిగిన తగువు.

సీరియల్ పేరు స్టార్ ట్రెక్. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, 1980లలో దూరదర్శన్‌లో వచ్చేది. విశాఖలో మా పిన్ని ఇంట్లో నేను చూశాను. చెవులు పైకి మొనదేలి, కనుబొమలు ఎగదువ్వినట్టుండే స్పాక్ అనే ఆయన అందులో ఉండేవాడు. నవ్వొచ్చినా ఏడుపొచ్చినా మొహంలో కనబడనిచ్చేవాడు కాదు. అన్నిటికీ తర్కమే. మాటలు సగం అర్థం కాకపోయినా ఆయన మొహం చూడ్డానికే కూర్చునేదాన్ని. "ఈయనకి పెళ్ళాం పిల్లలు లేరు కాబోలు, అందుకే అంత నిబ్బరంగా ఉన్నాడు" అనేది మా పిన్ని.

అమెరికాలో అది మొదలైంది 1966 సెప్టెంబరు 8న. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. రెండేళ్ళు నడిచాక ఆపేస్తారని మాట పుట్టింది. అప్పుడు బ్జో ట్రింబుల్ అనే ఆవిడ, భర్త జాన్‌తో కలిసి, తెలిసినవాళ్ళందరి చేతా టీవీ సంస్థకి ఉత్తరాలు రాయించింది. ఆవిడేం సినిమా మనిషి కాదు, మనలాగే ఆ సీరియల్ చూసే అభిమాని. లక్షకు పైగా ఉత్తరాలు వెళ్ళాయి. 1968లో ఆ సంస్థ దిగివచ్చి, మూడో ఏడాదీ నడుపుతామని టీవీలోనే ప్రకటించింది. పత్రికకి ఉత్తరం రాస్తే ఏమొస్తుందని చప్పరించేసే మగవాళ్ళకి ఈ సంగతి చెప్పండి!

ఆ సీరియల్‌కి కథలు రాసినవాళ్ళలో డి.సి. ఫొంటానా అనే పేరు కనిపిస్తుంది. ఆ డి అంటే డొరొతీ. ఆడపేరు చూస్తే కథ చదవకుండానే పక్కన పడేస్తారని పొడి అక్షరాలు పెట్టుకుందావిడ. స్పాక్ తల్లిదండ్రుల్ని 1967లో మొదటిసారి తెర మీదికి తెచ్చింది ఈవిడ కథే. తండ్రికి గుండె ఆపరేషను, కొడుకు రక్తం ఇవ్వాలి. కొడుకేమో, కెప్టెన్‌కి దెబ్బ తగిలింది, ఓడ బాధ్యత నా మీద ఉంది, కదలనంటాడు. తర్కం ప్రకారం తప్పు లేదు. తల్లి లాగి చెంప మీద ఒక్కటిచ్చింది! సైన్సు గొప్పదా, మనసు గొప్పదా అని ఆ సీరియల్ అభిమానులు దెబ్బలాడుకోవడం అప్పట్నుంచీ ఉన్నదే. అరవయ్యేళ్ళ తగువన్నమాట. మా అన్నయ్యగారింటికి కాస్త ఆలస్యంగా వచ్చిందంతే.

వచ్చింది ఆ వంశంలోదే ఇంకో సీరియల్, డిస్కవరీ. 2017 నుంచి 2024 దాకా నడిచింది. మా మేనల్లుడు ఇంటర్ పరీక్షలు రాసి ఇంజనీరింగ్ సీటు కోసం చూస్తున్నాడు. మేనకోడలు డిగ్రీ ఆఖరి ఏడు. రాత్రి పనులయ్యాక ఫోన్లో ఉన్నది టీవీకి కలిపి అందరం చూసేవాళ్ళం. మా అమ్మకి మనవరాలు పక్కన కూర్చుని తెలుగు చేసి చెప్పేది. అమ్మది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు పల్లె. అమ్మకి ఏదైనా కథే. రాముడు లంకకి వెళ్ళినా, ఈ ఓడలు చుక్కల్లోకి వెళ్ళినా, "తరవాతేటైనాది?" అంటుంది.

మేము చూస్తున్నది మూడో భాగం. 2020 అక్టోబరు నుంచి 2021 జనవరి దాకా వచ్చింది, మొత్తం పదమూడు వారాల కథ. అందులో చుక్కల మధ్య తిరిగే ఓడలన్నీ ఒక రకం స్ఫటికం మీద ఆధారపడి నడుస్తాయి, దాని పేరు డైలిథియం. నూటిరవై ఏళ్ళ క్రితం ఓ రోజు ఉన్నట్టుండి ఆ స్ఫటికాలు పనిచెయ్యడం మానేశాయి. ప్రయాణంలో ఉన్న ఓడలన్నీ పేలిపోయాయి, లక్షల ప్రాణాలు పోయాయి. లోకాల మధ్య రాకపోకలు తెగిపోయాయి. ఎందుకయిందో ఎవరికీ తెలీదు.

మా మేనకోడలు అమ్మకి "ఓడలకి పెట్రోలు లాంటి రాయి మామ్మా" అని చెప్పబోతే, తమ్ముడు ఊరుకున్నాడా? "పెట్రోలు కాదక్కా, గ్యాస్‌స్టవ్వుకి రెగ్యులేటర్ ఉంటుంది చూడు, అలాంటిది. మంట హద్దులో ఉంచుతుంది. అది చెడిపోతే ఇల్లు పేలిపోతుంది" అన్నాడు. అమ్మకి వెంటనే అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది, ఒప్పుకోవాలి.

ఆ ఓడలోవాళ్ళు కారణం వెతుకుతారు. ఆ వెతకడం బాగుంది సుమండీ! పేలిపోయిన ఓడల రికార్డు పెట్టెలు ఒక్కొక్కటే పోగుచేస్తారు. అన్ని ఓడలూ సరిగ్గా ఒకే క్షణంలో పేలలేదనీ, ఇసుమంత తేడా ఉందనీ కనిపెడతారు. అంటే ఎక్కడో మొదలై అక్కణ్ణుంచి పాకిందన్నమాట. భూకంపం ఎక్కడ పుట్టిందో, దాని కుదుపు ఏ ఊరికి ఎప్పుడు చేరిందో చూసి లెక్కగట్టరూ, అలాగే. ఆ లెక్క నడుస్తున్నన్ని రాత్రులూ మా మేనల్లుడు సోఫా అంచునే కూర్చున్నాడు.

తీరా ఆ లెక్క పట్టుకుని వెళ్తే ఏముందక్కడ? ఆ స్ఫటికాల గనిలాంటి గ్రహం మీద కూలిపోయిన ఓడలో ఒంటరిగా ఒక మనిషి, సుకాల్. వాళ్ళ జాతికి ఆయుష్షు ఎక్కువ. చిన్నప్పుడు తల్లి కళ్ళ ముందే పోయింది. అప్పుడు వాడు పెట్టిన కేక, ఆ ఒక్క కేకే, ఆకాశమంతా పాకి స్ఫటికాల్ని చంపేసింది. అప్పట్నుంచీ బొమ్మ మనుషుల మధ్య వాడొక్కడే వందేళ్ళకు పైగా బతుకుతున్నాడు.

ఆఖరి వారం కథలో తల్లి చావు చూపించి, ఆ కేక వినిపించేసరికి మా వదిన కొంగుతో కళ్ళొత్తుకుంది. మా మేనల్లుడు టీవీ ఆపేశాడు.

"ఛీ! ఇంత లెక్క చేయించి, చివరికి పిల్లాడు ఏడ్చాడట! శూన్యంలో శబ్దమే పోదు. వెలుగుకి కూడా మనకి దగ్గర నక్షత్రం చేరడానికి నాలుగేళ్ళు పైన పడుతుంది. ఏడుపు క్షణంలో లోకాలన్నీ చుట్టేస్తుందా? నువ్వెందుకమ్మా ఏడుస్తావు? సైన్సు తెలీదు గనక ఏడుస్తున్నావు" అన్నాడు.

ఆ ఆఖరి మాట నాకు కలుక్కుమంది. వదిన బియస్సీ చదివింది, కెమిస్ట్రీ. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆ పట్టా ట్రంకుపెట్టెలో ఉంది. వదిన కోప్పడలేదు గాని, పళ్ళెం కింద పెట్టి, "ఓడలు వెలుగు కంటే వేగంగా పోతున్నాయంటే పన్నెండు వారాల పాటు ఒప్పుకున్నావు. అది మాత్రం ఏ పుస్తకంలో ఉంది? ఇనుప ఓడ పోతే సైన్సు, తల్లి లేని పిల్లాడి కేక పోతే తప్పా?" అంది.

మా మేనకోడలు చప్పట్లు కొట్టింది. వాడు తగ్గలేదు. వాళ్ళు చెప్పిన కారణం చదివి వినిపించాడు. తల్లి కడుపులో ఉండగానే ఆ గ్రహం ప్రభావం పడి, పిల్లాడి శరీరానికీ ఆ స్ఫటికాలకీ లంకె కుదిరిందట. అందుకే వాడి గుండె అదిరితే అవీ అదిరాయట. "గ్రహణం మొర్రి లాగన్నమాట" అంది అమ్మ. వాడు తల పట్టుకున్నాడు.

ఇక్కడ నేను మధ్యలోకి రాక తప్పలేదు. గ్రహణం వల్ల పెదవి చీలదమ్మా, కత్తి పట్టుకున్నా, కూరలు తరిగినా ఏమీ కాదు అన్నాను. ఈ పేజీ చదివే కడుపుతో ఉన్న చెల్లెళ్ళకీ అదే చెప్తున్నాను, గ్రహణం రోజున ఆకలితో పడుకోకండి. కానీ కడుపులో బిడ్డ మీద బయటి సంగతుల ప్రభావం ఉండదా అంటే, ఉంటుంది. ఎక్స్‌రేలు, తాగుడు, డాక్టర్ని అడక్కుండా మింగే మాత్రలు, ఇవి హాని చేస్తాయి. నిద్రకీ వేవిళ్ళకీ మంచిదని 1950ల చివర్లో విదేశాల్లో ఇచ్చిన థాలిడోమైడ్ మందు వల్ల వేలమంది పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా లేకుండా పుట్టారు. కాబట్టి ఆ రచయితలు పూర్తిగా గాల్లోంచి తీయలేదురా అన్నాను. వాడు నా మొహం చూసి, "అత్తా, నువ్వు కూడానా" అన్నాడు.

అప్పుడు అమ్మ, ఎవరినీ చూడకుండా, "తిత్లీ నాడు నువ్వూ అలగే గోలెట్టినావు కదరా బాబూ" అంది.

2018 అక్టోబరు 10. తుపాను వస్తోందని తెలిసి, అత్తగార్ని కాశీబుగ్గ తెచ్చేస్తానని వదిన పల్లెకి వెళ్ళింది. అమ్మ ఆవుని వదిలి రానంది. చీకటి పడింది, గాలి మొదలైంది, ఇద్దరూ ఊరి బడిలో తల దాచుకున్నారు. పదకొండో తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకీ అయిదున్నరకీ మధ్య, గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గరే తిత్లీ తీరం దాటింది. కొబ్బరీ జీడీ పనసా, ఉద్దానంలో మూడు తరాల తోటలు తెల్లారేసరికి నేలమట్టం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లన్నిటి మీదా చెట్లే. కాశీబుగ్గలో తండ్రి దగ్గరున్న ఈ పిల్లాడికి అప్పుడు పదేళ్ళు. అమ్మ కావాలని గొంతు పోయేదాకా అరిచాడట. మూడో రోజున మా అన్నయ్య పడిపోయిన చెట్లెక్కి దిగుతూ నడిచి వెళ్ళి ఇద్దర్నీ తీసుకొచ్చాడు. ఆ తర్వాత నెల్లాళ్ళు వాడు తల్లి కొంగు వదల్లేదు. వదిన స్నానానికెళ్ళినా తలుపు దగ్గర కూర్చునేవాడు.

"ఆ వేళ నువ్వరిస్తే నాకు బళ్ళో వినపడలేదు. కానీ నీ కేక ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇందాక అదే వినపడింది" అంది వదిన.

వాడు కాసేపాగి, "మిమ్మల్ని బతికించింది కూడా సైన్సే" అన్నాడు. అదీ నిజమే. తుపాను పుట్టిన దగ్గర్నుంచీ ఆకాశంలోంచి ఇన్సాట్ ఉపగ్రహాలు చూస్తూనే ఉన్నాయి. బళ్ళోకి వెళ్ళమని ముందే దండోరా వేశారంటే వాటి చలవే. ఆ కన్నుల్లో ఒకటైన ఇన్సాట్ 3డిఆర్ శ్రీహరికోట నుంచి ఎగిరింది 2016 సెప్టెంబరు 8న. స్టార్ ట్రెక్ మొదటిసారి టీవీలో వచ్చి ఆ రోజుకి సరిగ్గా యాభై ఏళ్ళు! ఇది వాడే చెప్పాడు. ఇలాంటివి వాడి దగ్గర బోలెడు.

అంతటితో తగువు తల్లి గెలిచినట్టే అనుకున్నాను. కానీ వాడు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి, ఈసారి నెమ్మదిగా మాట్లాడాడు.

"తాతయ్యకి ఎందుకొచ్చిందని నేనడిగితే ఒక్కొక్కళ్ళు ఒక్కొక్కటి చెప్పేవారు. నీళ్ళన్నారు. పురుగుమందులన్నారు. ఎండలో పనన్నారు. నొప్పి మాత్రలన్నారు. ఖర్మ అన్నారు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేసి వెళ్ళిపోయేవారు. ఎందుకు అని అడిగితే, ఏదో ఒకటి చెప్పి ఏడిపించి పంపేస్తే నాకు కోపం వస్తుంది అత్తా. అంతే."

మా నాన్న 2014లో కిడ్నీ జబ్బుతో పోయారు. డయాలిసిస్‌కి విశాఖ తీసుకెళ్ళే రోజుల్లో వీడు ఒళ్ళో కూర్చుని వచ్చేవాడు. ఉద్దానం సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. బీపీ, షుగరు లేనివాళ్ళకి కూడా, పొలం పనులు చేసుకునేవాళ్ళకి, నొప్పీ వాపూ లేకుండా మూత్రపిండాలు పాడైపోతాయి. ఎన్నో బృందాలు వచ్చాయి, నీళ్ళు పట్టుకెళ్ళాయి, రక్తం పట్టుకెళ్ళాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, దాంతో పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం కూడా అప్పుడే మొదలైంది. కానీ జబ్బుకి కారణం ఇదీ అని గట్టిగా తేల్చిన మాట ఇప్పటికీ లేదు. ఇలాంటి చోట పెరిగిన పిల్లాడు, 'ఎందుకు' అన్న మాటని కథలోనైనా తేలిగ్గా తీసుకోలేడని నాకు అప్పుడు తట్టింది.

అలాగని వాడే రైటు, వదిన తప్పు అనను. నా మటుకు నాకు ఆ కేక నచ్చింది. తప్పు సైన్సులోనూ లేదు, ఏడుపులోనూ లేదు, చెప్పడంలో ఉంది. మాయాబజార్‌లో ఘటోత్కచుడు శశిరేఖగా మారిపోతే, ఎలా మారాడని ఎవరైనా అడిగారా? ఇది మాయ అని కథ మొదట్లోనే మనతో ఒప్పందం చేసుకుంది. ఇక్కడ అలా కాదు. రికార్డు పెట్టెలు, కొలతలు చూపించి, ఇది లెక్కల కథ అని నమ్మించారు. పదమూడు వారాల కథలో ఆ పిల్లాణ్ణి పదకొండో వారంలో గాని మనకి చూపించలేదు. పోపు గింజలు ముందు వేగితే పులుసంతా ఆ రుచి పడుతుంది. దింపేముందు పచ్చిగా చల్లితే పంటి కింద గింజలు గింజలుగానే తగుల్తాయి. ఆ ఒంటరి పిల్లాణ్ణి మొదటి వారం నుంచీ కొంచెం కొంచెం చూపించి ఉంటే, వాడి కేక మా మేనల్లుడికీ లెక్కలో భాగంగానే వినపడేదేమో. ఈ మాట అంటే, "అది నేను ఒప్పుకుంటాను" అన్నాడు వాడు. వదిన మాత్రం, "నాకు ఏ వారం చూపించినా ఒకటే" అంది.

సైన్సు తెలీదన్న మాటకి వాడు తల్లికి క్షమాపణ చెప్పలేదు. మగపిల్లలు అంత తొందరగా చెప్తారా? కానీ పళ్ళేలు తీసి పెరట్లో పెట్టాడు. అది ఆ ఇంట్లో ఎప్పుడూ చూడలేదని మా మేనకోడలు నా చెవిలో చెప్పింది.

"అవన్నీ సరేరా, ఆ గుంటణ్ణి ఎవలైనా ఇంటికి తీసుకెళ్ళేరా లేదా? అది సెప్పండి ముందు" అంది అమ్మ.

టీవీ మళ్ళీ పెట్టారు. వాళ్ళ జాతివాడే సారూ అని ఒకాయన ఓడ కెప్టెన్. వాణ్ణి భయపడొద్దని దగ్గర కూర్చుని, తల్లి చావు వాడి చేత మళ్ళీ చూపించి, చెయ్యి పట్టుకుని బయటికి తెస్తాడు. అది వచ్చేసరికి అమ్మ నిద్రపోయింది.

పొద్దున్న నేను వంటింట్లో కాఫీ కలుపుతుంటే, వరండాలో మనవడు మామ్మకి మిగిలిన కథ చెప్తున్నాడు. రెగ్యులేటర్ అంటున్నాడు, కెప్టెన్ అంటున్నాడు. కేక దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, "ఇక్కడ సైన్సు కొంచెం తప్పు మామ్మా" అన్నాడు.

"తప్పైతే తప్పులేరా, నువ్వు సెప్పు" అంది అమ్మ.